శిబిరం ఎత్తేసిన మర్నాడు



నేను పిల్లలకు మత్తు ఇచ్చే డాక్టర్ని. కత్తి పట్టేది సర్జన్ గారు. ఆపరేషన్ జరిగినంతసేపూ బిడ్డ ఊపిరినీ గుండెనూ కనిపెట్టుకుని తలాపున కూర్చునేది నేను. పేరు వాళ్లకీ, బెంగ మాకూ అని మా మత్తు డాక్టర్లం సరదాగా అనుకుంటూ ఉంటాం. వీలు దొరికినప్పుడు సెలవు పెట్టి, ఇతర దేశాల్లో పిల్లల ముఖాలకు ఉచితంగా ఆపరేషన్లు చేసే బృందాలతో వెళ్తుంటాను. ఈ పూట ఆ పని గురించి మాట్లాడమని ఆకాశవాణివారు అడిగారు.

ఇలాంటి శిబిరం అనగానే చాలామందికి రెండు ఫొటోలు గుర్తొస్తాయి. ఎడమవైపు పెదవి చీలిన బిడ్డ, కుడివైపు కుట్లు మానాక నవ్వుతున్న అదే బిడ్డ. విరాళాలు అడిగే ప్రతి కాగితం మీదా అవే ఉంటాయి. వాటిలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఒక బృందం మంచిదో కాదో ఆ ఫొటోలు చూసి చెప్పలేం. నేనైతే రెండు ప్రశ్నలు అడుగుతాను. వీళ్లు ఎవరెవరికి ఆపరేషన్ వద్దన్నారు? వీళ్లు విమానం ఎక్కి వెళ్లిపోయాక ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు? ఈ రెండింటికీ జవాబుంటే ఆ శిబిరం పనికొచ్చేదే. లేకపోతే ఎన్ని ఆపరేషన్లు చేసినా అది తిరనాళ్లే.

ముందు జబ్బు సంగతి చెప్తాను. మనవాళ్లు గ్రహణం మొర్రి అంటారు. కడుపులో బిడ్డ ముఖం రెండు పక్కల నుంచీ పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తుంది. పెదవి కలిసేది 4వ వారానికీ 7వ వారానికీ మధ్య. అంగిలి కలిసేది 6వ వారానికీ 9వ వారానికీ మధ్య. అంటే చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతి రూఢి అయ్యేసరికే ముఖం తయారీ సగానికి పైగా అయిపోయి ఉంటుంది. ఎక్కడైనా ఆ కలయిక పూర్తి కాకపోతే చీలిక మిగిలిపోతుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతుంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. గర్భిణి పొగ తాగినా, ముందునుంచే షుగరు జబ్బు ఉన్నా, మూర్ఛకు వాడే కొన్ని మందులు తీసుకున్నా అవకాశం పెరుగుతుంది. చాలాసార్లు మాత్రం ఫలానా కారణమని వేలెత్తి చూపించలేం.

గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. గ్రహణం చూస్తే బిడ్డ ఇలా పుడుతుందనే భయం మన ఒక్కరిదే అనుకోకండి. మెక్సికోలో గ్రహణం పట్టినప్పుడు కడుపుతో ఉన్న ఆడవాళ్లు లోపలి బట్టకు పిన్నీసు పెట్టుకుంటారు, బిడ్డ పెదవి చీలకూడదని. భూగోళానికి ఆ పక్కన ఉన్న తల్లీ ఈ పక్కన ఉన్న తల్లీ కూడా నేరం తమ మీదే వేసుకుంటారు. అందుకే ఏ దేశంలోనైనా శిబిరానికి వచ్చిన తల్లికి మేం మొదట చెప్పేది ఒకటే: అమ్మా, ఇందులో నీ తప్పేమీ లేదు.

ఇది అందానికి సంబంధించిన లోపం మాత్రమే అనుకునేవాళ్లూ ఉన్నారు. అంగిలి చీలిన బిడ్డకు నోట్లో గాలి పట్టు నిలవదు. రొమ్ము పట్టినా పాలు లాగలేదు. తాగిన కాసిన్ని పాలూ ముక్కులోంచి బయటికొస్తాయి. బరువు పెరగదు. చెవుల్లో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. మాటలు వచ్చే వయసుకు గాలంతా ముక్కులోంచి పోయి పలుకు తేటగా ఉండదు. బడికి వెళ్తే తోటిపిల్లలు వెక్కిరిస్తారు, ఆ తర్వాత ఈ పిల్లలు బడి మానేస్తారు. కాబట్టి పెదవికి 3 నుంచి 6 నెలల వయసులో, అంగిలికి 9 నుంచి 18 నెలల లోపు ఆపరేషన్ చేయడం మంచిది. సౌకర్యాలున్న చోట అలాగే జరుగుతుంది. లేనిచోట పదేళ్లకొస్తారు, ఇరవై ఏళ్లకొస్తారు. మనవల్ని ఎత్తుకుని తమ పెదవి చూపించుకోవడానికి వచ్చే పెద్దవాళ్లూ ఉంటారు. ప్రపంచంలో సుమారు 500 కోట్లమందికి భద్రమైన, భరించగలిగే ఖర్చులో ఆపరేషన్, మత్తు అందుబాటులో లేవని లాన్సెట్ పత్రిక నియమించిన సంఘం 2015లో తేల్చింది. ఈ పిల్లలు ఆ లెక్కలోని వాళ్లే.

ఆ వెలితిని పూడ్చడానికే ఈ ప్రయాణాలు మొదలయ్యాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సర్జన్ డోనాల్డ్ లాబ్ 1969లో ఇంటర్‌ప్లాస్ట్ అనే సంస్థ పెట్టి, వైద్య బృందాలను బయటి దేశాలకు పంపడం ప్రారంభించారు. 1982లో వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్ నుంచి ప్లాస్టిక్ సర్జన్ విలియం మగీ, నర్సుగా పనిచేసిన ఆయన భార్య కాథలీన్ ఒక బృందంతో ఫిలిప్పీన్స్‌లోని నాగా నగరానికి వెళ్లారు. అక్కడికి వచ్చిన పిల్లల్లో ఎక్కువమందిని వైద్యం చేయకుండానే వెనక్కి పంపాల్సి వచ్చింది. మళ్లీ వస్తామని మాటిచ్చి వెళ్లిన ఆ దంపతులు పెట్టిందే ఆపరేషన్ స్మైల్ సంస్థ.

ఇలా వెళ్లినవాళ్లు ఇచ్చి రావడమే కాదు, పుచ్చుకునీ వస్తారు. ఇవాళ ప్రపంచంలో చాలామంది సర్జన్లు చీలిన పెదవిని కుట్టే పద్ధతి రాల్ఫ్ మిలార్డ్ అనే అమెరికన్ది. చీలికకు ఒక పక్క ఉన్న పెదవి ముక్కను కిందికి తిప్పి, రెండో పక్క ముక్కను ముందుకు జరిపి కుడతారు. ఆయన ఈ ఉపాయం కనిపెట్టింది 1950లలో, కొరియాలో మెరైన్ దళంతో పనిచేస్తున్న రోజుల్లో. 1955లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్లాస్టిక్ సర్జన్ల అంతర్జాతీయ మహాసభలో దాన్ని వివరించారు. సొంతూళ్లో కూర్చుని ఉంటే అన్నాళ్లలో అంతమంది పిల్లలు ఆయన కంటపడేవాళ్లు కారు.

ఇక శిబిరంలో ఏం జరుగుతుందో చెప్తాను. ఫిలిప్పీన్స్‌లో దక్షిణాన మిండనావ్ అనే పెద్ద దీవి ఉంది. అక్కడి ఒక ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. మొదటిరోజు ఆపరేషన్లుండవు, పరీక్షలే. వరండా పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు, చొక్కాకు నంబరు చీటీ అంటించుకున్న పిల్లలు. ముందు పేరు రాస్తారు, ఫొటో తీస్తారు, బరువు చూస్తారు, రక్తపరీక్ష చేస్తారు. ఆ తర్వాత సర్జన్, పిల్లల డాక్టరు, పళ్ల డాక్టరు, మాట సరిచేసే థెరపిస్టు వరసగా చూస్తారు. ఆ వరసలో నా బల్ల కూడా ఒకటి.

ఆ దీవిలోని దవావ్ నగరంలో మన తెలుగు పిల్లలు చాలామంది డాక్టరు కోర్సు చదువుతుంటారు. అలాంటి ఒక కుర్రాడు, నరసరావుపేట అబ్బాయి, అక్కడి బిసాయా భాష బాగా ఒంటబట్టించుకుని మా దగ్గర దుబాసీ పని చేస్తున్నాడు. ఓ ముసలావిడ రెండేళ్ల పిల్లవాణ్ని చంకనేసుకుని నా ముందు కూర్చుంది.

“మేడమ్, ఈవిడ తల్లి కాదండీ, అమ్మమ్మ. వీళ్లు లోలా అంటారు. తల్లి ఖతర్‌లో ఇంటిపనికి వెళ్లిందట” అన్నాడు.

మన కడప జిల్లాలోనూ కరీంనగర్ జిల్లాలోనూ గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల పిల్లల్ని ఇలాంటి ముసలమ్మలే పెంచడం నేను చూశాను. పిల్లవాడి పెదవి చీలిక ముక్కు దాకా ఉంది. ముక్కు కారుతోంది. వీపుమీద స్టెతస్కోపు ఆనిస్తే పిల్లికూతలు వినిపించాయి. ఈ వారం కుదరదని చెప్పమన్నాను.

ఆవిడ ఏదో అంది. కుర్రాడు నవ్వు ఆపుకుంటూ, “ఈ దీవిలో జలుబు లేని పిల్లాణ్ని ఒక్కణ్ని చూపించమంటోంది మేడమ్” అన్నాడు.

ఆవిడ అడిగినదాంట్లో న్యాయముంది. కానీ జలుబు చేసిన బిడ్డ గొంతు మత్తులో ఉన్నప్పుడు ఊరుకోదు. చిన్న తుంపర పడినా స్వరపేటిక ఠక్కున మూసుకుపోతుంది, ఊపిరి ఆగుతుంది. పెద్దవాళ్లకైతే కొంచెం వ్యవధి ఉంటుంది. పసివాళ్లకు ఒంట్లో ప్రాణవాయువు క్షణాల్లో అడుగంటుతుంది. జలుబు పైకి తగ్గిపోయినా గొంతుకు ఆ చిరాకు కొన్ని వారాలపాటు ఉంటుంది. చీలిన పెదవితో బిడ్డ బతుకుతాడు. ఆపరేషన్ బల్ల మీద ఊపిరాగితే మనం ఏ ముఖం పెట్టుకుని ఆ వరండాలోకి వెళ్లాలి? ఇదంతా కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. లోలా మళ్లీ వాదించలేదు. పరీక్ష కోసం విప్పిన పిల్లవాడి చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు అసలు పని చేసింది ఆ ఆసుపత్రి నర్సు. ఆమె దగ్గర పొడుగాటి రూళ్ల పుస్తకం ఉంది. అందులో పిల్లవాడి పేరు, ఊరు, పక్కింటివాళ్ల ఫోన్ నంబరు, మళ్లీ రావలసిన తారీఖు రాసుకుంది. బస్సు ఛార్జీలు ఎవరిస్తారో కూడా అక్కడే తేల్చింది. మేం వచ్చేసిన కొన్ని వారాలకు ఆ పిల్లవాడికి ఆపరేషన్ అయిందని కబురొచ్చింది. కుట్టింది అక్కడి సర్జనే, మత్తిచ్చిందీ అక్కడి డాక్టరే. వాళ్లిద్దరూ శిబిరం జరిగిన రోజుల్లో మా పక్కనే నిలబడి పనిచేసినవాళ్లు. ఆ పిల్లవాడు మా లెక్కలో చేరలేదు. చేరకపోవడమే ఆ శిబిరం సాధించిన ఫలితం అంటాను.

ఆపరేషన్ గది సంగతి క్లుప్తంగా చెప్తాను. పెదవికి దాదాపు ముప్పావుగంట పడుతుంది, అంగిలికి అంతకన్నా ఎక్కువ. మత్తుకు ముందు బిడ్డ పరగడుపున ఉండాలి. అన్నం, బిస్కెట్లు అయితే 6 గంటలు, తల్లిపాలు అయితే 4 గంటలు, నీళ్లు అయితే 2 గంటలు ఎడం ఉండాలి. ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డకు ఓ బిస్కెట్ ముక్క పెట్టకుండా ఏ తల్లి ఉండగలదు? అందుకే పొద్దున్నే మొదటి వరసలో అందరికన్నా చిన్నవాళ్లను పెట్టుకుంటాం. కత్తి తగలకముందు బిడ్డ పేరు, చేసే ఆపరేషన్, వాడే మందులు అందరూ ఆగి పైకి చదివి సరిచూసుకుంటాం. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల పట్టిక అది. తర్వాత నా లోకమంతా ఒక చప్పుడు. బిడ్డ వేలికో కాలి బొటనవేలికో తగిలించిన ఆక్సిమీటరు గుండె కొట్టుకున్నప్పుడల్లా కీచుమంటుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంటే ఆ కీచు గొంతు దిగుతుంది. తెర చూడనక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది. గదిలో పాట పెట్టుకునే సర్జన్లుంటారు. నాకు ఆ పాట ఏమిటో ఎప్పుడూ తెలియదు.

మెలకువ వచ్చాక బిడ్డ మోచేతులు వంగకుండా పట్టీలు కడతాం, వేళ్లు కుట్ల మీదికి పోకుండా. పాలు చెంచాతో పట్టాలి. తల్లిని పిలిచి బిడ్డను చేతికిస్తే వెంటనే సంబరపడిపోతుందనుకుంటాం. కొందరు తల్లులు బిత్తరపోయి చూస్తారు. ఇన్నాళ్లూ ముద్దాడింది ఆ పాత ముఖాన్నే కదా. కొత్తది అలవాటు కావడానికి ఓ పూట పడుతుంది. ఆ పూట మేం దూరంగా ఉండటమే మర్యాద.

ఇక్కడితో అయిపోయిందా అంటే లేదు. అంగిలి కుట్టిన చోట ఒక్కోసారి చిన్న రంధ్రం మిగులుతుంది. మాట తేటపడటానికి నెలల తరబడి థెరపీ కావాలి. చెవులు చూపించుకుంటూ ఉండాలి. చిగురు ఎముకలో చీలిక ఉంటే 8 నుంచి 11 ఏళ్ల మధ్య ఎముక ముక్క పెట్టాలి. పళ్లు వరసకు తేవాలి. ఎదుగుదల ఆగాక కొందరికి దవడ, ముక్కు సరిచేయాలి. పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా నడిచే వైద్యం ఇది. వారం రోజులు ఉండి వెళ్లిపోయే చుట్టాలు చేయగలిగిన పని కాదు.

మరి ఎవరు చేయాలి? దీనికి తైవాన్ జవాబు చెప్పింది. శామ్యూల్ నూర్డాఫ్ అనే అమెరికన్ డాక్టరు 1959లో తైవాన్ వెళ్లారు. ఓ వారం ఉండి రాలేదు, నలభై ఏళ్లు ఉన్నారు. తైపేలో మెకే ఆసుపత్రిని నడిపారు, ఆపైన చాంగ్ గుంగ్ ఆసుపత్రిలో ముఖం, తల ఎముకల వైద్యానికి పెద్ద కేంద్రం నిలబెట్టారు. తాను చేసిన ఆపరేషన్లకన్నా తయారుచేసిన సర్జన్ల వల్లే ఆయనకు ఎక్కువ పేరొచ్చింది. 1989లో ఆయన పేరుమీద పెట్టిన సంస్థ ఇప్పుడు ఇతర దేశాల వైద్యులకు శిక్షణ ఇస్తోంది. ఒకప్పుడు సాయం అందుకున్న దేశం ఇప్పుడు సాయం చేస్తోంది. 1999లో అమెరికాలో మొదలైన స్మైల్ ట్రైన్ సంస్థ కూడా బయటి బృందాలను పంపడం కన్నా స్థానిక వైద్యులకు శిక్షణ, డబ్బు ఇవ్వడం మేలనుకుంది. ఆపరేషన్ స్మైల్ వంటి పాత సంస్థలూ ఇప్పుడు ఏడాది పొడుగునా నడిచే కేంద్రాలు పెట్టాయి. 2011లో అస్సాంలోని గువాహటిలో పెట్టినది అలాంటిదే.

చీలిక ఒక్కటే కాదు, నోమా అనే జబ్బు కూడా ఇదే పాఠం చెప్తుంది. తిండి సరిగా లేక, తట్టో మలేరియానో వచ్చి నీరసించిన చిన్నపిల్లలకు చిగుళ్లలో పుండు పుట్టి, రోజుల్లోనే బుగ్గను, దవడను తినేస్తుంది. వైద్యం అందకపోతే పది మందిలో తొమ్మిది మంది దాకా చనిపోతారు. నైజీరియాలోని సొకొటోలో దీనికోసమే ఆసుపత్రి ఉంది. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ 2014 నుంచి అక్కడికి సర్జన్లను, మత్తు డాక్టర్లను, నర్సులను పంపుతోంది. బతికిన పిల్లలకు మరో చోటి నుంచి చర్మం, కండ తెచ్చి బుగ్గ కడతారు. ఎంతో నేర్పు కావలసిన పని. కానీ అదే పుండును మొదట్లో పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్ మందుతో, నోటి శుభ్రతతో, నాలుగు రోజుల మంచి తిండితో నయమవుతుంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నోమాను నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త పిల్లల నోరు తెరిచి చూడటం నేర్చుకుంటే సర్జన్‌కు పని తగ్గుతుంది.

ఈ ప్రసంగం వింటున్న డాక్టర్లు, నర్సులు, వైద్య విద్యార్థులు కొందరు మేమూ వెళ్లొచ్చా అని అడుగుతారని తెలుసు. తప్పకుండా వెళ్లండి. వెళ్లేముందు ఆ సంస్థను నిలదీసి అడగండి. అక్కడి ఆసుపత్రే మిమ్మల్ని పిలిచిందా? మీ పట్టా చెల్లుతుందని ఆ దేశ వైద్యమండలి అనుమతి ఇచ్చిందా? రక్తం, ఆక్సిజన్, రాత్రిపూట చూసే నర్సులు సిద్ధంగా ఉన్నారా? మీరొచ్చేశాక కుట్లు విడిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? మీ పక్కన నిలబడి నేర్చుకునేవాళ్లు అక్కడివాళ్లున్నారా? జవాబులు తడబడుతుంటే టికెట్టు కొనకండి. ఇంకో మాట. మన ఊళ్లో మీకు చేయడానికి అర్హత లేని పనిని అక్కడి పిల్లల మీదా చేయకూడదు. పేదపిల్లల ముఖం ఎవరికీ చేయి తిరిగేదాకా దిద్దుకునే పలక కాకూడదు.

డాక్టర్లు కానివాళ్లకూ అక్కడ చోటుంది. యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ లేకపోతే మా మత్తు మిషన్ ఇనుపపెట్టె. కేసు కాగితాలు సక్రమంగా రాసేవాళ్లు కావాలి. వంతుకోసం కూర్చున్న పిల్లల్ని ఆడించేవాళ్లు కావాలి. భాష తెలిసినవాళ్లు అందరికన్నా ముందు కావాలి. నరసరావుపేట కుర్రాడు చేసిన పని నేను చేయలేను.

మన సంగతికి వద్దాం. 2009లో స్మైల్ పింకీ అనే డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లా పల్లె పిల్ల కథ అది. ఆ పిల్లకు ఆపరేషన్ చేసింది విదేశాల నుంచి దిగిన బృందం కాదు, వారణాసిలోని డాక్టర్ సుబోధ్ కుమార్ సింగ్. ఊరూరా తిరిగి పిల్లల్ని వెతికి తెచ్చింది ఆయన ఆసుపత్రి కార్యకర్త. ఇంకొకరు వచ్చి చేయాల్సిన అవసరం మనకు లేదు. ఉన్న వైద్యం దగ్గరికి బిడ్డను చేర్చేవాళ్లే తక్కువ.

కాబట్టి శ్రోతలకు నా మనవి. మీ ఇంట్లోనో, వీధిలోనో ఇలాంటి బిడ్డ పుడితే దాచకండి. పాలు పిండి, మన ఉగ్గుగిన్నెతో, బిడ్డను నిటారుగా పట్టుకుని కొంచెం కొంచెంగా పట్టండి, మధ్యమధ్య తేన్పు వచ్చేలా వీపు నిమరండి. బరువు పెరిగితేనే ఆపరేషన్ వేళకు అవుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే వైద్య బృందాలు చూసే పుట్టుకలోపాల్లో గ్రహణం మొర్రి ఉంది. ఆశా కార్యకర్తకు చెప్పండి, వాళ్లు జిల్లా కేంద్రానికి పంపుతారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద ఈ ఆపరేషన్ చేస్తారు. కార్డు పట్టుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆ పథకం సహాయకుల్ని అడగండి. పెదవి కుట్టించి ఊరుకోకండి, అంగిలి, మాట, పళ్లు కూడా చూపించండి. వయసు మీరిందని మానేసినవాళ్లుంటే వాళ్లకూ చెప్పండి. పెద్దవాళ్లకూ ఈ ఆపరేషన్ చేస్తారు.